అంబాసిడర్ దర్వాజాలో నమ్దా

పోయిన వానాకాలం ఒక సాయంత్రం అమ్మీని మా పాత అంబాసిడర్‌లో దవాఖానాకు తీసుకెళ్తున్నాను. మాసబ్ ట్యాంక్ దాటేసరికి వాన దంచికొట్టింది. షీషాలు పూర్తిగా పైకెత్తే ఉన్నాయి. అయినా ఎక్కడినుంచో సన్నటి ధార లోపలికి వచ్చి అమ్మీ బుర్ఖా చెయ్యి తడిపేసింది. చక్రం గుంతలో పడ్డప్పుడల్లా షీషా దర్వాజా లోపల గలగలా మోగుతోంది. "మీ అబ్బా ఉంటే ఈ నౌబత్ వచ్చేదా?" అంది అమ్మీ. నేను ఏమీ మాట్లాడలేదు.

అబ్బాజాన్ మర్హూమ్ మెకానిక్. సర్కారీ గ్యారేజీలో నౌకరీ చేశారు. ఈ బండి 1986 నాటి మార్క్ 4 అంబాసిడర్. ఏదో దఫ్తర్‌లో సేవ చేసి, అలసిపోయి, వేలానికి వస్తే కొనుక్కుని రెండేళ్లపాటు సెలవు రోజుల్లో ఒక్కో ముక్కా సరిచేసి నిలబెట్టారు. ఆయన ఇంతెకాల్ తర్వాత బండి నాకు మిగిలింది. హునర్ మిగల్లేదు.

తర్వాతి జుమా నమాజ్ అయ్యాక బండిని చాచా దుకాణానికి తీసుకెళ్లాను. చాచా అంటే మా ఖాందాన్ మనిషి కాదు. అబ్బాజాన్ దగ్గర షాగిర్ద్‌గా పని నేర్చుకున్నాయన. ఇప్పుడు అరవై దాటాయి. దర్వాజా లోపలి అట్ట విప్పి, షీషాను కిందికి దింపి, ఫ్రేమ్ గాడిలోంచి ఒక పట్టీని పట్టకారుతో లాగారు. మట్టిరంగుకు తిరిగి, తడిసి, కుళ్లి, ముక్కలుగా ఊడివచ్చింది.

"ఇదేంటి చాచా, కపడానా?" అన్నాను.

"కపడా నై బేటా, నమ్దా హై," అన్నారు.

నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ణి. నమ్దా అనే లఫ్జ్ నాకు కొత్త కాదు. గుర్రం మీద జీను వేసేముందు దాని వీపుకు రాపిడి తగలకుండా పరిచే మందపాటి ఉన్ని పట్టా అని బడిలో నేర్చుకున్నాను. గుర్రాలూ రిసాలాలూ ఉన్న దాస్తాన్లలో ఉండాల్సిన మాట కారు దర్వాజాలోంచి ఊడి నా చేతిలో పడింది. అది అక్కడికి ఎలా వచ్చింది? దీని తారీఖ్ ఏమిటి? ఆ రోజునుంచీ అదే వెతుకుతున్నాను.

ముందు ఆ పట్టీ చేసే పని చెప్పుకోవాలి. కారు దర్వాజా లోపల బోలుగా ఉంటుంది. హ్యాండిల్ తిప్పితే షీషా ఆ బోలులోంచి పైకి లేస్తుంది. లేచేటప్పుడు అటూ ఇటూ ఊగకుండా ముందూ వెనకా గాడి ఉంటుంది, పైన ఆగే చోట మరో గాడి. షీషా గట్టిది, గాడి ఇనుముది. రెండూ నేరుగా తగిలితే షీషా గీసుకుపోతుంది, లేదా పగులుతుంది. అందుకే గాడి లోపల మెత్తటి అస్తరు ఉంటుంది. మన మిస్త్రీలు దీన్ని 'ఛానల్' అంటారు. షీషా దర్వాజాలోకి దిగే నడుము దగ్గర బయటొకటి, లోపలొకటి రబ్బరు పెదవులుంటాయి. వాటిని 'బీడింగ్' అంటారు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ పెదవులు నీళ్లను పూర్తిగా ఆపవు. ఆపాలని తయారుచేసినవారూ అనుకోలేదు. ఎంత కొత్త కారైనా వానలో దర్వాజా లోపలికి కొంత నీరు దిగుతుంది. అది లోపలి గోడ వెంట జారి దర్వాజా అడుగున ఉన్న చిన్న సూరాఖ్‌లలోంచి రోడ్డు మీద పడాలి. ఛానల్ అరిగి, బీడింగ్ ఎండి బిర్రబిగుసుకుపోతే లెక్కకు మించి నీరు దిగుతుంది. పైన సందు పడితే నేరుగా సీటు మీదికే వస్తుంది. కింద సూరాఖ్‌లు మట్టితో మూసుకుపోతే ఆ నీరు అక్కడే నిలిచి దర్వాజాను లోపలినుంచి జంగ్ తినేస్తుంది. బయట పెయింట్ మీద బుడగ కనిపించేనాటికి లోపల రేకు జల్లెడ అయిపోయి ఉంటుంది.

ఇక నమ్దా సంగతి. దాన్ని మగ్గం మీద నేయరు. ఉన్నిని పరిచి, తడిపి, సబ్బు నీళ్లు చల్లి, చుట్టగా చుట్టి, ఒత్తుతూ దొర్లిస్తారు. ఉన్ని వెంట్రుక మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. తడీ ఒత్తిడీ తగిలితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని విడిపోని పట్టాగా మారతాయి. మధ్య ఆసియాలో గుర్రాల మీద బతికిన కబీలాల హునర్ ఇది. సైబీరియాలో ఆల్టాయ్ కొండల్లోని పజిరిక్ సమాధుల్లో మంచు కింద భద్రంగా నిలిచిన నమ్దా జీను కప్పులు దొరికాయి. వాటి వయసు రెండు వేల ఏళ్ల పైమాటే. అక్బర్ బాద్‌షా ఫర్రాష్‌ఖానా గురించి చెబుతూ అబుల్ ఫజల్ ఐన్-ఎ-అక్బరీలో కాబూల్ నుంచీ ఈరాన్ నుంచీ వచ్చే నమ్దాలను పేర్కొని, అవి ఈ ముల్క్‌లో కూడా తయారవుతాయని రాశాడు. కశ్మీర్‌లోనూ రాజస్థాన్‌లోని టోంక్‌లోనూ ఈ పని ఇప్పటికీ ఉంది. టోంక్ ఒకప్పుడు నవాబుల రియాసత్. అక్కడ నమ్దా చేసే కారీగర్లలో ఎక్కువమంది మనవాళ్లే.

గుర్రం వీపుకూ జీనుకూ మధ్య నమ్దా ఏ పని చేసిందో షీషాకూ ఇనుముకూ మధ్య అదే పని చేసింది. రాపిడిని తన మీదికి తీసుకుంది. అయితే మోటారు బండికి నమ్దా అవసరం మొదట్లోనే రాలేదు. తొలి కార్లలో ఎక్కువవాటికి పక్కన షీషాలు ఉండేవి కావు. వానొస్తే గుడ్డ పరదాలు కట్టుకునేవారు. మన చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవారు 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసే ఉంటారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డర్ ఇచ్చిన సవారీ అది. ఆయన 1911లోనే ఇంతెకాల్ కావడంతో దాన్ని చూసుకునే నసీబ్ ఆయనకు లేకపోయింది. ఆ కాలంలో పూర్తిగా మూసి ఉండే కారు అమీర్లకే దక్కేది. అమెరికాలో కూడా 1919లో అమ్ముడైన కార్లలో మూసిన బాడీ ఉన్నవి నూటికి పది. 1927 నాటికి అవి 85 అయ్యాయి. అంటే ఆ ఎనిమిదేళ్లలో ఎక్కిదిగే షీషా మామూలు మనిషి కారులోకి వచ్చింది. దాని వెంట గాడి వచ్చింది. గాడిలో ఉన్ని అస్తరు వచ్చింది.

నమ్దాకు ఒక మంచి గుణం, ఒక చెడ్డ గుణం. దాని మీద షీషా హాయిగా జారుతుంది. కానీ అది నీళ్లు తాగుతుంది. తాగిన నీటిని పట్టుకుని కూర్చుంటుంది. వెనకున్న ఇనుము కుళ్లుతుంది. రబ్బరు దీనికి సరిగ్గా తిరగబడిన సరుకు. నీళ్లు తాగదు, కానీ షీషాను జారనివ్వదు, పట్టేస్తుంది. అందుకే తర్వాతి కాలంలో రెండింటినీ కలిపారు. పట్టీ రబ్బరుదే. షీషా తగిలే చోట మాత్రం నైలాన్ నూగు అతికించి మఖ్మల్‌లా చేశారు. ఇవాళ బజారులో దొరికే ఛానల్ ఇదే. ఉన్ని పోయింది, ఉన్ని చేసిన పని మిగిలింది.

ఈ రబ్బరు దాస్తాన్‌లో జుల్మ్ కూడా ఉంది. చెట్టు పాలు ఎండకు జిగురుగా, చలికి పెళుసుగా మారేవి. గంధకం కలిపి కాస్తే నిలకడ వస్తుందని కనిపెట్టి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక రబ్బరు ఆకలి పెరిగిపోయింది. బెల్జియం బాద్‌షా రెండో లియోపోల్డ్ 1885 నుంచి 1908 దాకా కాంగోను సొంత జాగీరులా ఏలాడు. అడవి రబ్బరు చెప్పినంత తేలేదని ఊళ్లకు ఊళ్లను హింసించారు, మనుషుల చేతులు నరికించారు. మనకు రబ్బరు వేరే దారిన వచ్చింది. 1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ నుంచి దాదాపు 70,000 గింజలను లండన్‌లోని క్యూ తోటకు చేర్చాడు. అక్కడ మొలిచిన మొక్కలు సిలోన్‌కూ మలయాకూ వచ్చాయి. 1902లో కేరళలో పెరియార్ ఒడ్డున తట్టేక్కాడ్ దగ్గర తోట వేశారు. 1947లో రబ్బరు చట్టం వచ్చింది. రబ్బరు బోర్డు దఫ్తర్ ఇప్పటికీ కొట్టాయంలోనే ఉంది.

చెట్టు రబ్బరుకు ఎండ పడదు. గాలిలోని ఓజోన్ అంతకన్నా పడదు. లాగి బిగించిన చోట సన్నటి పగుళ్లు తీస్తుంది. నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. 1960ల్లో వచ్చిన ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు ఎండనూ ఓజోన్‌నూ బాగా తట్టుకుంటుంది. కొత్త కార్ల దర్వాజాల చుట్టూ ఉండేది ఎక్కువగా అదే. మా బండి బీడింగ్ మాత్రం గోటితో గిల్లితే పొడిగా రాలింది.

ఇదంతా సరుకు తారీఖ్. దీన్ని పట్టుకుని నడిపిన మనుషుల తారీఖ్ ఇంకొకటుంది. నేను అసలు చెప్పదలచుకున్నది అదే.

1953లో ఢిల్లీ హుకూమత్ మోటారు కంపెనీలకు ఒక షర్తు పెట్టింది. ఇక్కడే తయారుచేసే ఇరాదా లేనివారు, విడిభాగాలు తెచ్చి బిగించుకునేవారు ఇక ఉండనక్కర్లేదన్నది. బొంబాయిలో 1928 నుంచి బండ్లు బిగిస్తున్న జనరల్ మోటార్స్ వెళ్లిపోయింది. మిగిలినవాళ్లలో హిందుస్థాన్ మోటార్స్ ఒకటి. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాను తీసుకుని కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1957లో అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లో ఆ కారు 1959కే ఆగిపోయింది. మన దగ్గర అదే ఆకారం 2014 మే 24 దాకా నడిచింది. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చేదాకా మామూలు ఖాందాన్‌కు ఎక్కువగా అంబాసిడర్ లేదా ఫియట్. డబ్బులు కట్టి ఏళ్లకేళ్లు ఇంతెజార్ చేయాలి. దొరికిన బండిని ఇరవై, ముప్పై ఏళ్లు నడపాలి.

ముప్పై ఏళ్లు నడవాలంటే ఎవరో ఒకరు దాన్ని ప్రతి ఏడూ విప్పాలి, బిగించాలి. ఆ 'ఎవరో' ఎవరు? కంపెనీ వర్క్‌షాపులు పెద్ద షహర్లలోనే ఉండేవి. మిగతా ముల్క్ అంతా చెట్టు కింద, రేకుల షెడ్డు కింద మిస్త్రీల చేతుల్లోనే నడిచింది. కలకత్తా మల్లిక్ బజార్, మద్రాసు పుదుప్పేట, బెంగళూరు శివాజీనగర్, మన రాణిగంజ్, జాంబాగ్, బెజవాడ ఆటోనగర్. ఈ పేర్లన్నీ కలిపితే భారతదేశపు మోటారు మదర్సా అవుతుంది. సనద్ ఇవ్వని మదర్సా. మన హైదరాబాద్‌లో దీనికి పునాది ఇంకా పాతది. 1932 జూన్‌లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలకూ అదే మూలం. ఆ బస్సులు ఇంగ్లీషు దొరల ముల్క్‌లో తయారైనవే. వాటిని రోజూ నడిచేలా చూసింది మాత్రం ఇక్కడి చేతులు.

'మిస్త్రీ' అనే మాట కూడా సముద్రం దాటి వచ్చిందే. పోర్చుగీసువాళ్ల 'మెస్త్రె' అది. అంటే ఉస్తాద్. పోర్చుగీసు లఫ్జ్, ఫార్సీ నమ్దా, అమెజాన్ అడవి చెట్టు, ఇంగ్లండ్ నమూనా, బెంగాల్ కార్ఖానా. ఇన్ని ఒక దర్వాజాలో ఉన్నాయి. ఆ దర్వాజా విప్పడం తెలిసినవాడికి మాత్రం మన కితాబుల్లో చోటు లేదు.

2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు మన బిరాదరీ సొంత చేతిపని మీద ఎంతగా ఆధారపడిందో లెక్కలతో చూపించింది. ముస్లింలు ఎక్కువగా కనిపించే రంగాల్లో మోటారు బండ్ల అమ్మకం, మరమ్మతు కూడా ఉన్నాయి. నౌకరీ దొరకని చోట హునర్ అన్నం పెట్టింది. దాన్నే ఇవాళ సోషల్ మీడియాలో 'పంక్చర్‌వాలా' అని గాలీగా వాడుతున్నారు. ఆ మాట విని కోపం తెచ్చుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ ఇన్సాఫ్‌గా చెప్పుకుంటే, ఆ మాటను మొదట మనసులో ఒప్పుకున్నదీ మనమే. "చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తా" అని పిల్లల్ని బెదిరించని ఇల్లు మనలో ఎన్ని?

నా సంగతే చెబుతాను. తెలుగు డిగ్రీలో దాఖలా కోసం ఫారం నింపుతున్నాను. 'తండ్రి వృత్తి' అన్న గడిలో 'ప్రభుత్వ ఉద్యోగి' అని రాశాను. అబద్ధం కాదు. సంతకం పెట్టేముందు అబ్బాజాన్ ఆ గడి మీద వేలు పెట్టి "ఇక్కడేం రాశావు?" అని అడిగారు. ఆయనకు తెలుగు చదవడం రాదు. "సర్కారీ ములాజిమ్" అన్నాను. "సహీ," అన్నారు. సంతకం పెట్టారు. గోటి సందులో నల్లటి గ్రీజు ఫారం అంచుకు అంటింది. నేను ఇంటికొచ్చి దాన్ని రబ్బరుతో తుడిచాను.

ఆ తర్వాత జర్నలిస్టునయ్యాను. చార్మినార్ గురించి, కుతుబ్‌షాహీ గుంబజ్‌ల గురించి, నవాబుల నగల గురించి ఎన్నో రాశాను. ఒక మిస్త్రీ గురించి ఒక్క ముక్క రాయలేదు. హజ్రత్ దావూద్ అలైహిస్సలామ్ చేతిలో అల్లాహ్ ఇనుమును మెత్తబరిచాడనీ, ఆయన కవచాలు చేసేవారనీ ఖురాన్ చెబుతుంది. అది చదువుతాం. ఇనుముతో బతికే సొంత తండ్రిని గడిలో దాచేస్తాం.

చాచా ఆ రోజు చేసిన పనిని పక్కన స్టూలు మీద కూర్చుని చూశాను, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ముందు హ్యాండిల్ వెనక బిళ్లను లోపలికి నొక్కి పిన్ను బయటికి కొట్టారు. అట్టను పగలకుండా చుట్టూ కొద్దికొద్దిగా లేపారు. దాని వెనక చిరిగిన ప్లాస్టిక్ షీటును తీసి పక్కన పెట్టి, "కొత్తది వేయాలి. ఇది లేకపోతే అట్ట తడుస్తుంది," అన్నారు. పాత ఛానల్ మొత్తం తీశాక గాడిని తీగ బ్రష్‌తో రుద్ది, జంగ్ పోయాక రెడ్ ఆక్సైడ్ పూశారు. అది ఆరేదాకా పని ముట్టలేదు. చాయ్ తాగాం. తొందరపడి తడి మీద బిగిస్తే ఆరు నెలల్లో మళ్లీ వస్తావన్నారు. ఈలోగా దర్వాజా అడుగున ఉన్న సూరాఖ్‌లలో ఇనుప తీగ పెట్టి మట్టి తీశారు. పిడికెడు వచ్చింది.

కార్ఖానా మూతపడ్డాక అసలు ఛానల్ దొరకడం కష్టం. బజారులో మీటర్ల లెక్కన అమ్మే నూగు రబ్బరు ఛానల్ తెచ్చారు. షీషా మందం చూసి గాడి వెడల్పు ఎంచారు. ఇరుకైతే షీషా ఎక్కదు, హ్యాండిల్ పళ్లు అరిగిపోతాయి. వదులైతే మోత తగ్గదు. కొలిచిన దానికన్నా ఒక వేలెడు ఎక్కువ కోశారు. "సాగదీసి పెట్టొద్దు బేటా. సాగదీసిన రబ్బరు మళ్లీ తన పొడుగుకు వెళ్తుంది. మూల దగ్గర సందు పడుతుంది. నీళ్లు అక్కణ్ణించే వస్తాయి. లోపలికి తోస్తూ పెట్టాలి," అన్నారు. మూలను ముందు కూర్చోబెట్టి, అక్కణ్ణుంచి రెండు వైపులా సబ్బు నీళ్లు రాస్తూ బొటనవేలితో నొక్కారు. ఇంజిన్ ఆయిల్ రాస్తే తేలిక కదా అన్నాను. నవ్వారు. "రాస్తే ఇవాళ జారుతుంది. నెలకు ఉబ్బి షీషాను పట్టుకుంటుంది." సబ్బు ఆరాక షీషాను పదిసార్లు ఎత్తి దింపారు. చివరికి ఒక పది రూపాయల నోటును షీషాకూ ఛానల్‌కూ మధ్య పెట్టి పైకెత్తి లాగారు. బిగువుగా వచ్చింది. అలా చుట్టూ నాలుగైదు చోట్ల చూశారు. ఆఖర్న పైపుతో నీళ్లు కొట్టారు. సీటు పొడిగా ఉంది. అడుగున సూరాఖ్‌లలోంచి నీరు నేల మీదికి కారుతోంది.

"ఇదెక్కడ నేర్చుకున్నారు చాచా?"

"ఎక్కడేంటి? మీ అబ్బా దగ్గర. నోటు పెట్టి లాగడం ఆయన తరీఖా. అప్పుడు రెండు రూపాయల నోటు."

నాకు తెలియదు. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఒకే దస్తర్‌ఖాన్ మీద తిని, నాకు తెలియదు. అబ్బాజాన్ ఇల్మ్ ఆయన కొడుకుకు రాలేదు. షాగిర్ద్ చేతిలో అమానత్‌గా ఉండిపోయింది. చాచాకు ఇప్పుడు షాగిర్ద్ లేడు. వచ్చిన కుర్రాళ్లు నాలుగు నెలల్లో డెలివరీ బండ్ల మీదికి వెళ్లిపోతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. అక్కడ సాయంత్రానికి డబ్బులు కనిపిస్తాయి. చాచా కొడుకు ఫార్మసీ చదువుతున్నాడు. "బాగా చదవనీ," అన్నారు చాచా. ఆ మాటలో ఖుషీ ఉంది, ఇంకేదో కూడా ఉంది.

మిస్త్రీ కొడుకు మిస్త్రీయే కావాలని నేను అనను. పిల్లలు చదవాలి, పెద్ద నౌకరీలు చేయాలి, ఇన్షాఅల్లాహ్ చేస్తారు. నేనడిగేది వేరు. చదువుకున్న కొడుకు కలం పట్టాక మొదట ఎవరి తారీఖ్ రాయాలి? గోల్కొండ మీద కితాబులున్నాయి. మీ ఇంట్లో మోటారు విప్పిన దాదా మీద, బాడీ కట్టిన నానా మీద, సీట్లు కుట్టిన మామూ మీద ఎవరు రాస్తారు? వాళ్లు ఏ షెడ్డులో పని నేర్చుకున్నారు, ఉస్తాద్ ఎవరు, ఏ పనిలో చేయి తిరిగింది, ఏ పనిముట్టు సొంతంగా చేసుకున్నారు? పెద్దవాళ్లు హయాత్‌తో ఉండగానే అడిగి రాసుకోండి. నేను ఆలస్యం చేశాను.

చాచా చెప్పిన కొలతలు, సబ్బు నీళ్ల సంగతి, నోటు పరీక్ష అన్నీ నోట్‌బుక్‌లో ఒకచోట సాఫ్‌గా రాసుకున్నాను. ఎవరి దగ్గర నేర్చుకున్నదో తెలియాలి కదా. పేజీ అడుగున అబ్బాజాన్ పేరు రాసి, పక్కన 'మెకానిక్' అని రాశాను.